చేతులెత్తేసిన మనసు: నిస్సహాయత, కుంగుబాటు, గంజాం తీరం

తాను చేసే ప్రయత్నానికీ జరిగే ఫలితానికీ పొంతన లేదని పదేపదే అనుభవమైన ప్రాణి కొంతకాలానికి ప్రయత్నమే మానేస్తుంది. తర్వాత పరిస్థితి మారి, బయటపడే దారి కళ్లెదుటే ఉన్నా అటు కదలదు. మనస్తత్వ శాస్త్రంలో ఈ స్థితికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు. ‘ఏం చేసినా ఇంతే’, ‘మా రాత ఇంతే’, ‘నా వల్ల కాదు’ అని మనుషులు అనే మాటల వెనుక చాలాసార్లు ఇదే ఉంటుంది. అర్ధ శతాబ్దానికి పైగా సాగిన పరిశోధన దీనికీ డిప్రెషన్‌కూ, అంటే కుంగుబాటు వ్యాధికీ, దగ్గరి సంబంధం ఉందని తేల్చింది. సోమరితనమనీ పిరికితనమనీ లోకం తీసిపారేసే ప్రవర్తనకు వెనుక ఒక అనుభవాల వరుస ఉంటుందనీ, కొత్త అనుభవాలతో దాన్ని మార్చవచ్చనీ ఈ పరిశోధన చెబుతుంది.

ఈ సంగతిని దగ్గరగా చూడడానికి ఒడిశాలోని గంజాం జిల్లా తగిన చోటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురంలో తెలుగు మాట్లాడే నేత కుటుంబాలు, వ్యాపారులు, ఉద్యోగులు, తీరం పొడవునా సముద్రాన్ని నమ్ముకున్న నోలియా జాలరులు అక్కడ తరతరాలుగా ఉన్నారు. తుపానులు, ఊళ్లను కోసుకుపోయే కడలి, పొట్టకూటి కోసం దూరదేశం పోవడం, ఇవన్నీ మనిషి చేతిలో లేని కష్టాలు. అయితే మనిషి చేతికి కాస్త పట్టు దొరికితే అదే కష్టం ఎంత మారిపోతుందో కూడా ఈ తీరమే చూపించింది.

ప్రయోగశాలలో తేలిన విషయం

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1960లలో రిచర్డ్ సాలమన్ ప్రయోగశాల ఉండేది. భయం ఎలా అలవాటవుతుందో తెలుసుకోవడానికి అక్కడ కుక్కల మీద ప్రయోగాలు చేసేవారు. యువ పరిశోధకులు మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్, బ్రూస్ ఓవర్మియర్ అక్కడ ఒక వింత గమనించారు. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కలను తర్వాత రెండు అరలున్న పెట్టెలో ఉంచారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డు దూకి అవతలి అరలోకి వెళితే షాకు ఉండదు. మామూలు కుక్కలు ఆ కిటుకు ఇట్టే పట్టుకుంటాయి. ఈ కుక్కలు మాత్రం కాసేపు అటూ ఇటూ పరిగెత్తి, ఆ తర్వాత పడుకుని మూలుగుతూ షాకును భరించాయి.

దీనికి కారణం షాకు నొప్పా, లేక నొప్పిని ఆపలేకపోవడమా? 1967లో సెలిగ్మన్, మేయర్ దీన్ని తేల్చడానికి కుక్కలను మూడు జట్లుగా విడగొట్టారు. మొదటి జట్టులోని కుక్క తలతో పక్కనున్న పలకను నొక్కితే షాకు ఆగిపోతుంది. రెండో జట్టులోని కుక్కకు మొదటి జట్టులో ఒక జోడీ ఉంటుంది. జోడీకి ఎన్ని షాకులు, ఎంతసేపు తగిలితే దీనికీ సరిగ్గా అన్నే, అంతసేపే తగులుతాయి. కాని ఇది పలకను ఎంత నొక్కినా ఫలితం ఉండదు. మూడో జట్టుకు షాకులే లేవు. మర్నాడు అన్నిటినీ రెండు అరల పెట్టెలో పరీక్షించారు. మొదటి, మూడో జట్ల కుక్కలు అడ్డు దూకడం చకచకా నేర్చుకున్నాయి. రెండో జట్టులో చాలామటుకు కదలకుండా ఉండిపోయాయి.

మొదటి రెండు జట్లూ పడిన నొప్పిలో తేడా లేదు. ఆ నొప్పిని ఆపే పట్టు ఒక జట్టు చేతిలో ఉంది, ఇంకో జట్టు చేతిలో లేదు. కుక్కను కూలదోసింది షాకు కాదు, తాను ఏం చేసినా షాకు ఆగదన్న అనుభవం. నేర్చుకున్న నిస్సహాయత సిద్ధాంతమంతా ఈ ఒక్క తేడా మీద నిలబడింది.

ఆ తర్వాతి ప్రయోగాల్లో మరో మూడు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో దాదాపు మూడింట రెండు వంతులే నిస్సహాయంగా మారాయి. మిగతావి ఆ అనుభవం తర్వాత కూడా ప్రయత్నం మానలేదు. రెండోది, ముందుగా షాకును ఆపగలిగిన అనుభవం ఉన్న కుక్కలు ఆ తర్వాత ఆపలేని షాకులు తిన్నా చతికిలపడలేదు. తొలి విజయం వాటికి టీకాలా పనిచేసింది. మూడోది, నిస్సహాయంగా పడి ఉన్న కుక్క ముందు తిండి పెట్టినా, అవతలి నుంచి పిలిచినా లాభం లేకపోయింది. మెడకు తాడు కట్టి బలవంతంగా అడ్డు దాటిస్తూ పోతే, పదులసార్లు అలా చేశాక, అది తనంతట తాను దూకడం మొదలుపెట్టింది. కదిలితే షాకు ఆగుతుందన్న సంగతి దాని ఒంటికి అనుభవం కావాలి. మాటతో చెప్పేది కాదు, పిలుపుతో వచ్చేదీ కాదు.

ఈ ప్రయోగాలు జంతువుల పట్ల క్రూరమన్న విమర్శ బలంగా వచ్చింది, అది న్యాయమైనదే. అయితే మనుషుల్లో కూడా ఇదే జరుగుతుందా అన్న ప్రశ్నకు హాని లేని పద్ధతిలో జవాబు దొరికింది. డొనాల్డ్ హిరోటో అనే పరిశోధకుడు విద్యార్థులకు చెవులు గింగురుమనే శబ్దం వినిపించాడు. కొందరు బొత్తం నొక్కి దాన్ని ఆపగలిగేవారు. కొందరు ఏం నొక్కినా ఆగేది కాదు. తర్వాత తేలిగ్గా ఆపగలిగే కొత్త శబ్దం వినిపించినప్పుడు, మొదట ఆపలేకపోయిన వారిలో చాలామంది ప్రయత్నించకుండా కూర్చున్నారు. ఈ ఫలితాలు 1974లో వెలువడ్డాయి.

ఇదే కాలంలో జే వైస్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పరిశోధన ఇంకో ముఖ్యమైన ముక్క జోడించింది. సమానంగా షాకులు తిన్న ఎలుకల్లో, చక్రం తిప్పి షాకు ఆపగలిగినవాటికి కడుపులో పుండ్లు తక్కువగా వచ్చాయి. షాకు వచ్చే ముందు హెచ్చరిక శబ్దం వినిపించిన ఎలుకలకు కూడా, ఏ హెచ్చరికా లేనివాటి కంటే పుండ్లు తక్కువే. కష్టం ఎప్పుడొస్తుందో ముందే తెలియడం, వచ్చినప్పుడు ఏదో ఒకటి చేయగలగడం అనే రెండూ ఒంటినీ మనసునూ కాపాడతాయని దీనివల్ల తెలిసింది. గంజాం తీరానికి ఈ రెండు మాటలూ నేరుగా వర్తిస్తాయి.

కుంగుబాటుతో పోలిక

నిస్సహాయత మూడు చోట్ల దెబ్బ కొడుతుంది. ప్రయత్నం మొదలుపెట్టే ఉత్సాహం పోతుంది. ఒకవేళ ప్రయత్నించి గెలిచినా, ఆ గెలుపు తన ప్రయత్నం వల్లే వచ్చిందని మనసు గుర్తించదు. భయం, దుఃఖం, ఆ తర్వాత ఒక మొద్దుబారినతనం కమ్ముకుంటాయి. 1975లో వెలువడిన తన పుస్తకంలో సెలిగ్మన్ వీటిని కుంగుబాటు లక్షణాల పక్కన పెట్టి చూపించాడు. నిస్సహాయంగా మారిన జంతువులు తిండి తగ్గిస్తాయి, బరువు కోల్పోతాయి, తోటివాటితో కలవవు, ఎదిరించడం మానేస్తాయి. కుంగుబాటులో ఉన్న మనిషిలోనూ ఇవే కనిపిస్తాయి.

వైద్యులు కుంగుబాటు అని నిర్ధారించడానికి దిగులు ఒక్కటే చాలదు. రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, లేదా ఒకప్పుడు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం కనీసం రెండు వారాలు కొనసాగాలి. దానికి తోడు నిద్ర చెదరడం, ఆకలి మారడం, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, తాను పనికిరానివాణ్నన్న భావన, చావు గురించిన ఆలోచనలు వంటివి ఉండాలి. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో బరంపురం వీధులన్నీ జనంతో నిండిపోతాయి. ప్రతి యాత్రలోనూ ముందుండి తిరిగిన మనిషి ఆ సందడి వినిపిస్తున్నా గది దాటి రాకపోతే, పిలిస్తే విసుక్కుంటే, ఇంటివాళ్లు దాన్ని పొగరుగానో బద్ధకంగానో కాక లక్షణంగా చూడాలి.

మన ప్రాంతాల్లో కుంగుబాటు చాలాసార్లు ఒంటి బాధ రూపంలో బయటపడుతుంది. ‘ఒళ్లంతా నీరసం’, ‘తల బరువుగా ఉంది’, ‘గుండె దడదడ’, ‘నిద్ర పట్టడం లేదు’, ‘ఏమీ తోచడం లేదు’ అంటూ రోగి డాక్టరు దగ్గరకు వస్తాడు. టానిక్కులు, సెలైన్లు, స్కానింగులు అయిపోయినా బాధ తీరదు. ఏ మందుకూ తగ్గకపోవడంతో ‘ఇక నాకు నయం కాదు’ అన్న నమ్మకం గట్టిపడుతుంది. వ్యాధిని గుర్తించకపోవడమే ఇలా మరో నిస్సహాయతకు దారి తీస్తుంది.

కారణం ఎలా చెప్పుకుంటాం

తొలి సిద్ధాంతంలో ఒక లోటు ఉండేది. ఒకే రకం కష్టం వచ్చినా అందరూ కుంగిపోరు. కొందరు కొన్నాళ్లకు తేరుకుంటారు, కొందరు ఏళ్ల తరబడి లేవలేరు. ఈ తేడా ఎక్కడిది? 1978లో లిన్ అబ్రామ్సన్, సెలిగ్మన్, జాన్ టీస్‌డేల్ కలిసి దీనికి జవాబు చెప్పారు. జరిగిన చెడుకు మనిషి తనకు తాను ఏ కారణం చెప్పుకుంటాడన్నది కీలకమని వారు ప్రతిపాదించారు. మూడు ప్రశ్నలున్నాయి. కారణం నాలో ఉందా, బయట ఉందా? ఎప్పటికీ ఉండేదా, పోయేదా? బతుకంతా కమ్ముకునేదా, ఈ ఒక్క విషయానికే పరిమితమా?

బరంపురంలో ఇద్దరు విద్యార్థులు ఒకే పరీక్ష తప్పారనుకుందాం. ‘ఈసారి లెక్కలకు సరిగా తయారు కాలేదు’ అని ఒకరు అనుకున్నారు. ‘నాకు బుర్ర లేదు, నేను దేనికీ పనికిరాను’ అని రెండోవారు అనుకున్నారు. మొదటి కారణం వచ్చే ఏడాదికి మారిపోగలది, ఒక సబ్జెక్టుకే పరిమితమైంది. రెండోది ఎప్పటికీ మారనిది, బతుకంతా పరుచుకునేది. కుంగుబాటుకు దగ్గరి దారి రెండోదే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాలో చదువుకునే పిల్లలకు తొలి తరగతుల్లో పాఠం అర్థం కాకపోవడం సహజం. అది భాష తెచ్చిన ఇబ్బంది. పెద్దలు ఆ మాట విడమరిచి చెప్పకపోతే, పిల్లలు దాన్ని తమ తెలివితక్కువతనంగా లెక్క వేసుకుంటారు.

ఈ లెక్కను సరిచేయవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ 1975లో చూపించింది. లెక్కల్లో ఓడిపోగానే చేతులెత్తేసే పిల్లలను ఆమె రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు ఎప్పుడూ గెలిచే తేలిక లెక్కలే ఇచ్చింది. రెండో జట్టుకు అప్పుడప్పుడు ఓటమి ఎదురయ్యేలా చూసి, ‘ఇంకాస్త ప్రయత్నం కావాల్సింది’ అని ఓటమికి కారణం చెప్పించింది. ఎప్పుడూ గెలిచిన పిల్లలు కష్టమైన లెక్క రాగానే మళ్లీ చతికిలపడ్డారు. ఓటమిని మరోలా చూడడం నేర్చుకున్నవారు పట్టు విడవలేదు. పిల్లలకు ఓటమి ఎదురుకాకుండా కాపాడడం కన్నా, ఓడిన చోట ఏం చేయాలో చూపడమే మేలని దీనివల్ల తెలుస్తుంది.

అబ్రామ్సన్, జెరల్డ్ మెటాల్‌స్కీ, లారెన్ అలాయ్ 1989లో ఇంకో అడుగు వేశారు. ‘నేను ఏమీ చేయలేను’ అన్నది నిస్సహాయత. ‘ఇక ఎప్పటికీ ఏమీ మారదు’ అన్నది నిరాశ. మొదటిది రెండోదిగా ముదిరితే అదే కుంగుబాటుకు దారి తీస్తుందని వారు వాదించారు. ఆత్మహత్య ఆలోచనలకు దుఃఖం కన్నా ఈ నిరాశే ఎక్కువ దగ్గరని కుంగుబాటు చికిత్సలో పేరుపొందిన వైద్యుడు ఏరన్ బెక్ పరిశోధనలు కూడా చెప్పాయి.

తలకిందులైన సిద్ధాంతం

స్టీవెన్ మేయర్ తర్వాత కొలరాడో విశ్వవిద్యాలయంలో మెదడు పరిశోధన వైపు మళ్లాడు. దశాబ్దాల పనిలో ఆయన బృందం మెదడు కాండంలో ఉన్న డార్సల్ రాఫే న్యూక్లియస్ అనే చిన్న నాడీకణాల గుంపు మీద దృష్టి పెట్టింది. దీర్ఘంగా బాధ కలిగినప్పుడు ఈ గుంపు సెరటోనిన్ అనే రసాయనాన్ని పెద్ద ఎత్తున విడుదల చేస్తుంది. దాంతో భయం పెరుగుతుంది, కదిలి తప్పించుకునే ప్రయత్నం అణగిపోతుంది. బాధను ఆపే పట్టు చేతిలో ఉన్నప్పుడు మాత్రం, నుదుటి వెనుక ఉండే ప్రిఫ్రంటల్ కార్టెక్స్ ఆ సంగతి పసిగట్టి, రాఫే గుంపును నెమ్మదింపజేస్తుంది.

దీని ఆధారంగా 2016లో మేయర్, సెలిగ్మన్ తమ పాత సిద్ధాంతాన్ని తామే తిరగరాశారు. దీర్ఘమైన బాధకు చేష్టలుడిగిపోవడం మెదడుకు పుట్టుకతో ఉన్న స్పందన. అది నేర్చుకునేది కాదు. నేర్చుకోవాల్సింది, నేర్చుకోగలిగేది, ‘నా చేతిలో కొంత ఉంది’ అన్న సంగతి. ఒకసారి అది గట్టిగా నేర్చుకుంటే, ప్రిఫ్రంటల్ కార్టెక్స్ దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి కష్టంలోనూ మనిషిని నిలబెడుతుంది.

ఈ మార్పు పండితుల చర్చకే పరిమితం కాదు. కష్టం తర్వాత కూలబడిపోయిన మనిషిలో లోపం వెతకనక్కర్లేదు, మెదడు చేయాల్సిన పనే చేసింది. అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ మనిషికి నియంత్రణ రుచి చూసే అవకాశం ఎప్పుడైనా దొరికిందా? ఇప్పుడు ఎలా కల్పించాలి?

గంజాం తీరంలో

1999 అక్టోబరు ఒడిశాకు మరచిపోలేని నెల. ఆ నెల మధ్యలో ఒక తీవ్ర తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి గంజాంను దెబ్బతీసింది. జనం తేరుకోకముందే 29వ తేదీన సూపర్ సైక్లోన్ పారాదీప్ దగ్గర తీరాన్ని తాకింది. రాష్ట్రంలో దాదాపు 10,000 మంది చనిపోయారు. హెచ్చరిక అందని పల్లెలు, అందినా వెళ్లడానికి గట్టి కట్టడం లేని పల్లెలు ఎన్నో. ఆ తుపాను బాధిత ప్రాంతాల్లో కౌమార వయస్కుల మీద నీలమాధవ్ కర్, మరో పరిశోధకుడు కలిసి చేసిన అధ్యయనంలో 17.6 శాతం మందిలో కుంగుబాటు, 26.9 శాతం మందిలో విపత్తు మిగిల్చిన తీవ్ర మానసిక ఒత్తిడి వ్యాధి కనిపించాయి. గాలి పోయినా మనసులో దాని దెబ్బ పోలేదు.

ఆ ఏడాదే రాష్ట్రం విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. ఊరూరా వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు, ముందస్తు కసరత్తులు చేయించారు. 2013 అక్టోబరు 12 రాత్రి పై-లీన్ తుపాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికే రాష్ట్రంలో 10 లక్షల మందికి దగ్గరగా జనాన్ని సురక్షిత స్థలాలకు చేర్చారు. గంజాం ఘోరంగా దెబ్బతింది. ఇళ్లు కూలాయి, పడవలూ వలలూ పోయాయి, మొగలి, జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కాని రాష్ట్రంలో మరణాల సంఖ్య 50 దాటలేదు.

సముద్రం మారలేదు, గాలి కూడా భీకరంగానే వీచింది. ముఖ్యంగా మారినవి రెండు. రోజుల ముందే హెచ్చరిక వచ్చింది, అది వచ్చాక ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో జనానికి తెలిసింది. వైస్ ఎలుకలను కాపాడిన రెండు సంగతులూ ఇవే. ప్రాణాలు నిలబెట్టిన ఏర్పాటు మనసులను కూడా కొంత నిలబెట్టగలదని సిద్ధాంతం చెబుతుంది. వచ్చే తుపానును ఆపలేకపోయినా, దాని ముందు తాను చేయగల పని ఉందని తెలిసిన మనిషి దాన్ని విధిగా చూడడు. 2020 ఆగస్టులో గంజాంలోని వెంకట్‌రాయ్‌పూర్, జగత్సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహీ గ్రామాలకు యునెస్కో సముద్ర శాస్త్ర సంఘం ‘సునామీకి సిద్ధమైన సమాజం’ అన్న గుర్తింపు ఇచ్చింది. ప్రమాద పటాలు, తరలింపు దారులు, గ్రామ కమిటీలు, కసరత్తులు ఈ గుర్తింపుకు ప్రాతిపదిక. నియంత్రణను ఒక ఊరు ఉమ్మడిగా నేర్చుకోవడం అంటే ఇదే.

అయితే ఈ తీరపు కష్టాలన్నీ సైరనుతో రావు. రుషికుల్య ముఖద్వారం దగ్గరున్న పొదంపేటను సముద్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కోసుకుపోయింది. ఇళ్లు వరుసగా కడలిలో కలిశాయి, జనం ఊరు వదిలి వేరేచోటికి వెళ్లాల్సి వచ్చింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కావడంతో రుషికుల్య తీరంలో నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట మీద నిషేధం ఉంటుంది. తాబేళ్లను కాపాడుకోవాల్సిందే. కాని ఆ ఏడు నెలలు కుటుంబం ఎలా గడవాలన్న నిర్ణయంలో జాలరికి పాత్ర లేకపోతే, అది అతని బతుకు మీద అతనికి పట్టు తగ్గించేదే అవుతుంది. గంజాం నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లారు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో ఆ మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎప్పుడు ఇంటికి వెళ్లగలమో, కూలి వస్తుందో రాదో తెలియని రోజులవి. కష్టం ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం, ముగించే పట్టు చేతిలో లేకపోవడం కలిసిన చోట నిస్సహాయత వేళ్లూనుతుంది.

సిద్ధాంతానికి హద్దులు

కుంగుబాటు అంతా నిస్సహాయత నుంచే పుట్టదు. వంశపారంపర్యం, కాన్పు తర్వాతి మార్పులు, థైరాయిడ్ లోపం, దీర్ఘరోగాలు, మద్యం, బైపోలార్ వ్యాధి వంటివీ కారణాలే. సంబంధం ఒకవైపే నడవదు కూడా. నిస్సహాయత కుంగుబాటుకు దారి తీసినట్టే, కుంగుబాటు వచ్చిన మనిషికి ప్రతిదీ అసాధ్యంగా కనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం, ఈ సిద్ధాంతాన్ని బాధితుల మీద నింద మోపడానికి వాడుకోవడం. భర్త చేతిలో దెబ్బలు తింటూ ఇల్లు విడిచి వెళ్లని స్త్రీ నిస్సహాయత నేర్చుకుందని లెనోర్ వాకర్ 1979లో రాసింది. 1988లో ఎడ్వర్డ్ గోండోల్ఫ్, ఎలెన్ ఫిషర్ దీనికి భిన్నమైన చిత్రం చూపించారు. అలాంటి స్త్రీలు చాలామంది పదేపదే సాయం కోరినవాళ్లేనని, సాయం అందించాల్సిన వ్యవస్థలే స్పందించలేదని వారు చెప్పారు. కొట్టేవాడు, తీరని అప్పు, కోసుకుపోయే సముద్రం నిజంగానే ఎదుట ఉన్నప్పుడు ‘నీ ఆలోచన మార్చుకో’ అనడం అన్యాయం. అక్కడ ముందు మారాల్సింది పరిస్థితి.

చికిత్స, తోడ్పాటు

కుంగుబాటు నయమయ్యే వ్యాధి. మధ్యస్థ, తీవ్ర స్థాయిల్లో మందులు బాగా పనిచేస్తాయి. వాటి ప్రభావం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, తేరుకున్నాక కూడా డాక్టరు చెప్పిన కాలం వాడాలి. మాటల ద్వారా చేసే చికిత్సల్లో బెక్ రూపొందించిన ఆలోచనా ప్రవర్తన చికిత్స ఒకటి. ‘నేను దేనికీ పనికిరాను’ లాంటి తీర్పులను రోగి చేతనే, అతని బతుకులోని సాక్ష్యాలతోనే పరీక్షింపజేస్తుంది.

నిస్సహాయత పరిశోధనకు మరీ దగ్గరగా ఉన్నది ప్రవర్తనను కదిలించే చికిత్స. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగితే ఉత్సాహం రాదు. చిన్న పని చేస్తే, దాని ఫలితం కంటికి కనిపిస్తే ఉత్సాహం వెనకాలే వస్తుంది. రోజూ ఒక వేళకు లేవడం, పావుగంట నడవడం, ఆపేసిన మగ్గం దగ్గర కాసేపు కూర్చోవడం, ఒక బంధువుకు ఫోను చేయడం వంటివి రాసుకుని ఒక్కొక్కటీ చేయిస్తారు. పని ఎంత చిన్నదైనా ఫరవాలేదు, పూర్తి చేయగలిగేదిగా ఉండాలి. కుక్కను అడ్డు దాటించిన ప్రయోగం నుంచి తీసుకోవాల్సిన పాఠం ఇదే, కాకపోతే మనిషి విషయంలో తాడు కాదు, తోడు కావాలి.

నిపుణుల కొరత ఉన్న చోట కూడా ఈ పద్ధతికి దారి ఉంది. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ తదితరులు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించారు. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడించారు. మూడు నెలలకు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం మంది తేరుకోగా, ఈ సాయం కూడా అందినవారిలో 64 శాతం మంది తేరుకున్నారు. ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇలాంటి పని పల్లె భాష, పల్లె బతుకు తెలిసినవాళ్లు బాగా చేయగలరు. గంజాం తీరంలో అంటే తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఆరోగ్య కార్యకర్తలు.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురైనవారే. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. బరంపురంలో 1962లో మొదలైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణికి 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ప్రభుత్వ సేవల్లో మానసిక చికిత్స పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పౌరుల హక్కు. చావు ఆలోచనలు చెప్పే మనిషిని ఒంటరిగా వదలకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటివాళ్లు చేయగలిగింది కూడా చాలా ఉంది. ‘ధైర్యంగా ఉండు’ అన్న ఉపదేశం కుంగుబాటులో ఉన్నవారికి పెద్దగా పనికిరాదు, పైగా ధైర్యంగా ఉండలేకపోవడం మరో ఓటమిలా తోస్తుంది. పనులన్నీ తామే చేసేసి రోగిని కూర్చోబెట్టడం కూడా మేలు చేయదు. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో ఒక అమెరికన్ వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఇదే చెబుతుంది. ఒక అంతస్తులోని పెద్దలకు తమ గది, తమ వేళల గురించి నిర్ణయాలు తీసుకోమని చెప్పి, పెంచుకోవడానికి ఒక్కొక్కరికి ఒక మొక్క ఇచ్చారు. మరో అంతస్తులో అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పారు. మొదటి అంతస్తువాళ్లు మరింత చురుకుగా, సంతోషంగా కనిపించారు. ఏ కూర వండాలో అమ్మమ్మను అడగడం, ఏ డాక్టరు దగ్గరికి, ఎప్పుడు వెళ్లాలో రోగితో కలిసి నిర్ణయించడం చిన్న విషయాలే అయినా, పట్టు తిరిగి చేతికి రావడం అక్కడి నుంచే మొదలవుతుంది.

సమాజం చేయాల్సిందీ ఇదే సూత్రం మీద ఉంది. తుపాను షెల్టరు కట్టినట్టే, వేట నిషేధ కాలంలో జీవనాధారం గురించి జాలరులతో కూర్చుని నిర్ణయించాలి. కోతకు గురైన ఊళ్లవాళ్లను ఎక్కడికి తరలించాలో వాళ్లనే అడగాలి. వలస కార్మికుడికి కూలి లెక్క, ఫిర్యాదు చేసే చోటు, ఇంటికి చేరే దారి ముందే తెలియాలి. పిల్లలకు ఇంటి భాష నుంచి బడి భాషకు వంతెన వేయాలి. ప్రయత్నిస్తే ఫలితం ఉంటుందన్న నమ్మకాన్ని మాటలతో ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు. ప్రయత్నించిన చోట ఫలితం దొరికేలా పరిస్థితులను సరిచేస్తే, ఆ నమ్మకాన్ని మనుషులు తమ అనుభవం నుంచే సంపాదించుకుంటారు.